పిడుగుచెయ్యి జేబులో చేతులు

కళ్ళద్దాల దుకాణం, వెనక గది
జనవరి 9

మామయ్యా,

కుశల ప్రశ్నలు చివర్లో అడుగుతాను. ముందు కడుపులో ఉన్నది కక్కేస్తే గానీ నాకు పని సాగదు. నీ బొమ్మల కథ పిడుగుచెయ్యి కొత్త సంచిక చదివాను. బాగాలేదు.

ఇలా మొహం మీద చెప్పేస్తాననే కదా చిన్నప్పుడే నాకు కందిరీగ అని పేరు పెట్టావు. కాబట్టి కుట్టించుకో. ముప్ఫై రెండు పేజీల్లో మనవాడు ఒక్కణ్ణి కూడా కొట్టలేదు. కాలబిలంలో పడి ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళాడు. సరే, వెళ్ళనీ. అక్కడ కుర్రవయసులో ఉన్న తనని తానే కలుసుకుని ఎనిమిది పేజీలు కబుర్లు చెప్పుకున్నాడు. ఆరో పేజీలో "గతంలో నేను దేన్నీ తాకలేను" అన్నవాడు పంతొమ్మిదో పేజీలో తలుపు తీసుకుని బయటికి పోయాడు. పైగా పదకొండు బొమ్మల్లో చేతులు జేబులో పెట్టుకున్నాడు. లెక్కపెట్టాను. అరచేతిలో పిడుగున్నవాడు చేతులు జేబులో దాచుకుంటే ఇక వాడెందుకు మామయ్యా? నాలాగా అద్దాలు అరగదీసుకుంటూ బతకొచ్చు.

మా దుకాణానికి వచ్చే రిటైరైన లెక్కల మాస్టారు నీకు పాత అభిమాని. నిన్న ఆ పుస్తకం పట్టుకొచ్చి, "అమ్మాయ్, నా అద్దాల నంబరు తప్పిందేమో చూడు. గీతలన్నీ అలుక్కుపోయినట్టున్నాయి" అన్నారు. చూశాను. నంబరు సరిగ్గానే ఉంది. ఆయనకి ఏం చెప్పాలో తెలియక తుడిచి ఇచ్చేశాను.

ఇంకో ఫిర్యాదు. ఉత్తరాలు టైపు కొట్టి పంపడం ఎప్పటి నుంచి? పోయినసారి దాన్ని కరెంటాఫీసు నోటీసనుకుని అమ్మ రెండు రోజులు విప్పలేదు.

అమ్మ బాగుంది. బడి వ్యాను తోలడం, పిల్లలు, ఆ హడావిడి నీకు తెలిసిందేగా. నువ్వు వచ్చి రెండేళ్ళయిందని మాత్రం అప్పుడప్పుడూ గోడతో చెబుతూ ఉంటుంది.

నీ
కందిరీగ


మేడ మీది గది
జనవరి 17

కందిరీగా,

కుట్టావు. వాచింది. ఇప్పుడు నా మాట విను.

నలభై దాటిన మనిషి ఎన్నాళ్ళని కొట్టుకుంటూ తిరుగుతాడే? పిడుగుచెయ్యికి కూడా కాస్త ఆలోచించే వయసొచ్చింది. కాలప్రయాణం అంటే తన్నులాట కాదు. మనిషి వెనక్కి తిరిగి చూసుకోవడం. ఎడిటరు కూడా మొదట నీలాగే మొహం పెట్టాడు. తర్వాత, "సరే, లోతుగా ఉందని రాయిద్దాం" అన్నాడు. తలుపు సంగతి మాత్రం నాదే తప్పు. ఒప్పుకుంటున్నాను. జేబుల విషయంలో ఒప్పుకోను. చలికాలం కథ అది.

మాస్టారికి నా నమస్కారం చెప్పు. ముద్రణలో సిరా పలచనైందని చెప్పు.

టైపు అంటావా, కథలన్నీ టైపులోనే కావాలని ఎడిటరు పట్టుబట్టాడు. వేళ్ళకి అదే అలవాటైంది. నా చేతిరాత కోడి కెలికినట్టుంటుందని నువ్వే కదా వెక్కిరించేదానివి. ఇప్పుడు అచ్చు అక్షరాలిస్తే అదీ తప్పేనా?

అక్కకి చెప్పు, వేసవిలో తప్పకుండా వస్తానని. ఈ కాలబిలం కథ నాలుగు సంచికలు. అది ముగిసేదాకా ఊపిరి తీసుకునే తీరిక లేదు. గోడతో మాట్లాడడం మానేసి నాకే రెండు ముక్కలు రాయమను.

మామయ్య


కళ్ళద్దాల దుకాణం, వెనక గది
ఫిబ్రవరి 11

మామయ్యా,

దొరికిపోయావు.

రెండో సంచికలో తొమ్మిదో పేజీ. పిడుగుచెయ్యి నీళ్ళ ట్యాంకు మీంచి దూకే బొమ్మ. దాన్ని చూడగానే ఎక్కడో చూశాననిపించింది. నా దగ్గరున్న పాత కట్టలన్నీ దింపాను. పద్నాలుగో సంచిక, ఇరవై రెండో పేజీ. అదే దూకుడు, అదే ట్యాంకు, కింద అదే కుక్క. కుడిఎడమలు మార్చావంతే. చొక్కా గుండీలు ఆడవాళ్ళ చొక్కాకి ఉన్నట్టు అటువైపు వెళ్ళిపోయాయి. దుకాణంలో ఫ్రేముల మరలు చూసే భూతద్దం పెట్టి చూస్తే కత్తెర అంచు నీడ కూడా కనిపించింది. అక్కడితో ఆగలేదు నేను. ముప్ఫై రెండు పేజీల్లో పంతొమ్మిది పాతవి.

వాడు గతంలోకి వెళ్ళడం కాదు మామయ్యా. వాడు వెళ్ళిన ప్రతిసారీ నీకు గీసే పని తప్పుతోంది. పాత సంచికలోకే వెళతాడు, పాత బొమ్మే అతికిస్తావు. కాలప్రయాణం పెట్టింది అందుకే, అవునా? కొత్తగా గీసినవాటిలో పొగ, చీకటి, గోడ మీద నీడలు. లేకపోతే జేబులో చేతులు. ఒక్క వెంట్రుక గీయడానికి మూడుసార్లు చెరిపే మనిషివి నువ్వు. ఏమైంది నీకు? బద్ధకమా? విసుగా? విసుగే అయితే ఆపెయ్. మేం చిన్నప్పటి నుంచీ ప్రాణంగా దాచుకున్నవాణ్ణి ఇలా అతుకుల బొంత చేయకు.

కోపంలో ఇంకా రాసేదాన్ని. కానీ వేరే సంగతొకటి ఉంది. అమ్మ నీకు రాయొద్దంది. ఒట్టు కూడా వేయించుకుంది. అయినా రాస్తున్నాను.

అమ్మ చెయ్యి వణుకుతోంది.

శీతాకాలం మొదట్లో గమనించాను. టీ గ్లాసు సగమే నింపుకుంటోంది. అడిగితే, "నిండా పోసుకుంటే చల్లారిపోతుంది" అంది. తర్వాత గుండీల చొక్కాలు మానేసి తల మీంచి తొడుక్కునేవి వేసుకోవడం మొదలుపెట్టింది. మొన్న వ్యాను హాజరు పుస్తకంలో సంతకం పెడుతుంటే వెనక నుంచి చూశాను. ఎడమ చేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని పెడుతోంది. నన్ను చూడగానే వదిలేసి, "చలి" అంది. కిటికీలోంచి ఎండ నేరుగా మా ఇద్దరి మీదా పడుతోంది.

రోజూ ఇరవై నలుగురు పిల్లలు మామయ్యా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆ వ్యాను ఇంటి ముందుకొచ్చి ఆగేదాకా నేను అద్దం అరగదీస్తున్నానో వేలు అరగదీసుకుంటున్నానో నాకే తెలియడం లేదు.

నీ
కందిరీగ


మేడ మీది గది
ఫిబ్రవరి 16

అమ్మడూ,

ఉత్తరం అందగానే రాస్తున్నాను. బొమ్మల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నువ్వు ఎన్ని తిట్టినా పడతాను.

అక్కకి ఏ చెయ్యి వణుకుతోంది? కుడిదేనా, రెండూనా? ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు కూడా వణుకుతోందా, ఏదైనా పట్టుకున్నప్పుడేనా? చెంచా నోటి దగ్గరికి వచ్చేసరికి ఎక్కువవుతోందా? ఎవరైనా చూస్తున్నప్పుడు ఎక్కువవుతోందా? పొద్దున ఎలా ఉంటోంది?

కంగారు పడకు. నిద్ర లేకపోయినా వస్తుంది. టీ తగ్గించమను. స్టీరింగు తిప్పీ తిప్పీ నరాలు అలిసి ఉంటాయి. పది రోజులు సెలవు పెట్టమను. డాక్టరు దగ్గరికి ఇప్పుడే పరిగెత్తక్కర్లేదు. వాళ్ళు ఏదో ఒక పెద్ద పేరు చెప్పి భయపెడతారు.

నేను అడిగినవాటికి మాత్రం వెంటనే జవాబు రాయి.

మామయ్య


మా ఇల్లు, వంటగది బల్ల
మార్చి 2

మామయ్యా,

నీ ప్రశ్నల కాగితం నాలుగుసార్లు చదివాను. "ఎవరైనా చూస్తున్నప్పుడు ఎక్కువవుతోందా" అని అడిగావు. చూస్తే ఎక్కువవుతుందని నాకే తెలియదు. నువ్వు అడిగాక చూశాను. అవును, ఎక్కువవుతోంది, రెండు చేతుల్లోనూ. నీకెలా తెలుసు?

డాక్టరు దగ్గరికి వెళ్ళక్కర్లేదన్నావు. వెళ్ళాం. వెళ్ళాల్సి వచ్చింది.

పోయిన గురువారం బడి గేటు ముందు ఎత్తు మలుపులో అమ్మ గేరు మారుస్తుంటే చెయ్యి జారింది. వ్యాను వెనక్కి దొర్లి కాలిబాట ఎక్కి దీపస్తంభానికి తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లలు ఆటనుకుని చప్పట్లు కొట్టారట. ఇదంతా వ్యానులో ఉండే ఆయా వచ్చి చెప్పింది. "మీ అమ్మ కిందికి దిగి తలుపు పట్టుకుని అలా నిలబడిపోయింది. ఎంత పిలిచినా పలకదే! స్తంభం వెనకే పాలబ్బాయి సైకిలు ఆపుకుని నిలబడున్నాడు, ఆ స్తంభమే లేకపోతే..." అని ఆగిపోయింది. అమ్మ నాతో చెప్పింది మాత్రం, "వెనక లైటు పగిలింది" అని. అంతే.

మర్నాడు చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి ఈడ్చుకెళ్ళాను. నరాల డాక్టరు పెద్దావిడ, నెమ్మదస్తురాలు. అమ్మని నడవమంది, ముక్కు పట్టుకోమంది, గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్ళు పోయమంది. బల్లంతా నీళ్ళు. తర్వాత అడిగింది, "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా? నాన్నకో, అన్నదమ్ములకో?"

"ఎవరికీ లేదండీ" అంది అమ్మ.

"బాగా గుర్తు తెచ్చుకోండి. అది తెలిస్తే నాకు సగం దారి తెలిసినట్టే. ఇంట్లో వాళ్ళకి ఉన్నదే మీకూ వస్తే అది ప్రాణం తీసేది కాదు. కాకపోతే మాత్రం నేను వేరే వైపు చూడాలి. తలలో ఏమైనా ఉందా, ముదిరే జబ్బేమైనా మొదలైందా అని."

అమ్మ బల్ల మీది నీళ్ళు చేత్తో తుడిచింది. తర్వాత, "మా నాన్నకి వణికేది. కానీ అది తాగుడు. ఆయన్ని లెక్కలోకి తీసుకోకండి" అంది. ఆ మాట ఎంత గట్టిగా అందంటే డాక్టరు కలం ఆపేసింది.

తలకి ఫోటో తీశారు. ఫలితం పద్దెనిమిదిన చెబుతారు. అంతవరకూ బండి తోలొద్దంది డాక్టరు. అమ్మ బడిలో మాత్రం జ్వరమని చెప్పింది. "నిజం చెబితే మళ్ళీ ఆ సీటు నాది కాదు" అంటోంది. పద్దెనిమిదో తేదీ దాటగానే ఎక్కేస్తానంటోంది. నాకు ఏది ఎక్కువ భయమో తెలియడం లేదు, ఆ ఫోటోలో ఏదైనా కనబడటమా, ఏమీ కనబడలేదని ఈవిడ మళ్ళీ స్టీరింగు పట్టుకోవడమా.

ఇప్పుడు నిన్ను సూటిగా అడుగుతాను. పొగ, నీడలు, జేబులో చేతులు, అతికించిన బొమ్మలు, టైపు కొట్టిన ఉత్తరాలు, రెండేళ్ళుగా రాకపోవడం. మామయ్యా, నీ చెయ్యి కూడా వణుకుతోందా?

అవును అంటే నాకు కోపం రాదు. లేదు అంటే నమ్ముతాను. ఏదో ఒకటి రాయి. పద్దెనిమిదిలోగా.

నీ
కందిరీగ


కళ్ళద్దాల దుకాణం
మార్చి 10

మామయ్యా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. పోస్టుమాన్ వీధి చివర కనబడగానే దుకాణం బయటికి వచ్చి నిలబడుతున్నాను. ఆయన దూరం నుంచే చెయ్యి ఊపేస్తున్నాడు, లేదని.

అమ్మ రోజుకో కారణంతో తువ్వాలు పిండుతోంది, చెయ్యి దాచుకోవడానికి. మేమిద్దరం వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నాం.

ఇంకా ఎనిమిది రోజులు.

కందిరీగ


మేడ మీది గది
మార్చి 13

అమ్మడూ,

ఇది చేత్తో రాస్తున్నాను. అక్షరాలు చూశావుగా. నీ ప్రశ్నకి జవాబు ఇదే.

ఎంతసేపు పట్టినా సరే, మొత్తం రాస్తాను. చదవడానికి నీకు భూతద్దం ఎలాగూ ఉంది.

నాలుగేళ్ళయింది. పిడుగుచెయ్యి కనుబొమ గీస్తుంటే కుంచె పక్కకి పోయింది. మర్నాడు మళ్ళీ పోయింది. మణికట్టుకి పట్టీ కట్టుకున్నాను, బల్లకి ఆనించాను, ఊపిరి బిగపట్టాను. పొడుగు గీతలు కుదిరేవి, చిన్నవి కుదిరేవి కావు. వేళ్ళు గీయడం అన్నిటికన్నా కష్టం. అందుకే జేబులు. పొగలో తప్పులు కనపడవు. అందుకే పొగ. చివరికి అదీ చేతకాక కాలప్రయాణం. నువ్వు పట్టుకున్నది అక్షరాలా నిజం. లోతూ లేదు, ఆలోచనా లేదు. నా దగ్గర పాత బొమ్మలున్నాయి, వాటి దగ్గరికి వాణ్ణి పంపడానికి ఒక సాకు కావాలి, అంతే. అతుకుల బొంత అన్నావే, ఆ మాట పడ్డ రోజు నాకు భోజనం దిగలేదు. కానీ నాలుగేళ్ళలో నా పనిని అంత శ్రద్ధగా చూసిన మనిషివి నువ్వొక్కదానివే.

రెండేళ్ళ క్రితం మీ ఇంట్లో టీ ఒలకబోసి పిల్లి తగిలిందన్నాను, గుర్తుందా? మీ ఇంట్లో పిల్లే లేదు. అక్క నా మొహంలోకి అదోలా చూసింది. మళ్ళీ రాలేదు.

డాక్టరు దగ్గరికి నేనెప్పుడూ వెళ్ళలేదు. పెద్ద పేరు చెబుతారని భయం నాకే. ఆ భయాన్నే నీకు సలహాగా రాసి పంపాను. అక్కని పది రోజులు ఆపుదామనుకున్నాను, నా గుట్టు కోసం. దీనికి నువ్వు ఏమన్నా నేను తలవంచుకుంటాను.

ఇంకొకటి ఉంది. ఇది అక్క తప్పకుండా వినాలి.

నాన్న మందుల షాపులో కాంపౌండరు. అక్క పెళ్ళయి వెళ్ళిపోయాక ఆయనతో ఒకే గదిలో ఉన్నది నేను. పొద్దున షాపుకి బయలుదేరే ముందు బీరువా వెనక నుంచి సీసా తీసి ఒక మూతెడు మింగేవాడు. ఒక్క మూతే. గోడకి ఆనుకుని కాసేపు కూర్చునేవాడు. తర్వాత చెయ్యి ముందుకి చాపి చూసుకునేవాడు. నిలకడగా ఉంటే చెప్పులేసుకునేవాడు. లేకపోతే ఇంకో మూత. పసిపిల్లల మందు చుక్కలు లెక్కపెట్టి పోయాలి ఆయన. వణికే చేత్తో ఎలా పోస్తాడు? వీధంతా తాగుబోతు అంది. షాపు వాళ్ళు మానిపించారు. అక్క కూడా అదే నమ్మింది. నేనూ నమ్మాను.

ఇప్పుడు నా బొమ్మల బల్ల సొరుగులో కూడా ఒక సీసా ఉంది కందిరీగా. పొద్దున బొమ్మ మొదలుపెట్టే ముందు ఒక మూత. పావుగంటకి చెయ్యి కుదురుగా ఉంటుంది. రెండు గంటలు గీయగలను. మొదటిసారి చెయ్యి చాపి చూసుకున్నప్పుడు నాన్నే నా పక్కన కూర్చుని చూస్తున్నట్టు అనిపించింది. ఆయన తాగి వణకలేదు. వణుకుతున్నాడు కాబట్టి తాగాడు. ఈ తేడా నాకు నలభై నాలుగేళ్ళకి తెలిసింది. అక్కకి చెప్పాలంటే నా చెయ్యి చూపించాలి. అందుకే నోరు మూసుకున్నాను.

డాక్టరుకి ఈ కాగితం చూపించు. నాన్నని లెక్కలోకి తీసుకోమను. నన్ను కూడా.

మామయ్య


మా ఇల్లు, వంటగది బల్ల
మార్చి 19

మామయ్యా,

నీ ఉత్తరం పదిహేడో తేదీ మధ్యాహ్నం అందింది. దుకాణంలో నిలబడే చదివాను. యజమాని వచ్చి, "ఎవరైనా పోయారా?" అని అడిగారు. కాదు, దొరికారు అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. సెలవిచ్చి పంపేశారు.

అమ్మకి చూపించే ధైర్యం చాలలేదు. సంచిలో పెట్టుకునే ఆసుపత్రికి వెళ్ళాను. నీ దగ్గర నేర్చుకున్న గుణమే.

ముందు ఫోటో సంగతి. తలలో ఏమీ లేదు. డాక్టరు ఆ మాట అంటున్నప్పుడు నేను కుర్చీ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే దాని రెక్సిను ఊడి నా గోటికి వచ్చింది. కానీ ఆవిడ మొహం ఇంకా తేటపడలేదు. అమ్మకి తెల్లకాగితం, కలం ఇచ్చి, లోపలి నుంచి బయటికి ఒక చుట్ట గీయమంది. అమ్మ గీసింది. రంపం పళ్ళలా ఉంది ఆ గీత.

అప్పుడు నేను నీ ఉత్తరం తీసి డాక్టరు ముందు పెట్టాను. "మా మామయ్య రాశాడు. చిత్రకారుడు" అన్నాను.

ఆవిడ చదవలేదు ముందు. ఊరికే అక్షరాలు చూసింది. అమ్మ కాగితం పక్కన నీ కాగితం పెట్టి కిటికీ వైపు తిప్పింది. "ఇవి ఒకరివేనా, ఇద్దరివా?" అంది.

"ఇద్దరివండీ."

"అక్కాతమ్ముళ్ళు ఒకే బళ్ళో చదివినట్టున్నారే" అని నవ్వింది. మామయ్యా, ఈ మూడు నెలల్లో మా చుట్టుపక్కల ఎవరైనా నవ్వడం అదే మొదటిసారి. తర్వాత తాతయ్య సంగతి చదివి తల ఊపింది. "కొందరికి ఇంతే. కొంచెం తాగితే ఈ రకం వణుకు కాసేపు ఆగుతుంది. అది మందు కాదు, దాని వెంట పడితే మనిషి పాడైపోతాడు. కానీ ఆయన వణుకు తాగుడు వల్ల వచ్చింది కాకపోవచ్చు. మూడో మనిషిక్కూడా ఉందంటే ఇది మీ ఇంటి వణుకే. ప్రాణానికి భయం లేదు. మాత్రలున్నాయి. పూర్తిగా పోదు, కానీ తగ్గుతుంది."

అమ్మ ఇదంతా వినడం లేదు. నీ ఉత్తరం కావాలని చెయ్యి చాపింది. అక్కడే కూర్చుని మొదటి నుంచీ చివరిదాకా చదివింది. కాగితం ఆవిడ చేతిలో గలగలమంటూనే ఉంది. ఈసారి దాచుకోలేదు. బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపు తడుతున్నా డాక్టరు ఆవిణ్ణి లేపలేదు.

మాత్రలు పనిచేశాక మళ్ళీ పరీక్ష చేసి, అప్పుడు బండి సంగతి చెబుతానంది డాక్టరు. అమ్మని ఇంటికి తీసుకొచ్చాను. గుమ్మం దగ్గర ఆగి, "నువ్వు లోపలికి పద, నేను బడికి వెళ్ళొస్తాను" అంది. గంట తర్వాత వచ్చింది. పెద్ద మేడంకి అంతా చెప్పేసిందట, స్తంభం సంగతితో సహా. వ్యాను తాళాలు బల్ల మీద పెట్టేసి వచ్చింది.

నువ్వు కూడా చెయ్యి చూపించుకో. రేపే. సీసా పారబొయ్యి. నీ మీద కోపం పోలేదు. పది రోజులు ఆపుదామనుకున్నావే, అది మాత్రం మర్చిపోవడానికి నాకు కొంత టైము పడుతుంది. కానీ ఉత్తరం రాసినందుకు, అదీ చేత్తో రాసినందుకు, నీ కాళ్ళకి దణ్ణం.

నీ
కందిరీగ


మేడ మీది గది
ఏప్రిల్ 3

కందిరీగా,

కోపం ఉంచుకో. నాకు హక్కుగా రావలసినదే అది.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నాచేతా చుట్ట గీయించాడు. ముప్ఫై ఏళ్ళు బొమ్మలు గీసిన మనిషిని, చెమటలు పట్టాయి. "ఏం చేస్తుంటారు?" అని అడిగితే "బొమ్మలు" అన్నాను. పాపం, ఆయన కలం కింద పెట్టేశాడు. మీ డాక్టరమ్మ చెప్పిందే చెప్పాడు. మాత్రలిచ్చాడు. మొదటి వారం మత్తుగా ఉండి మధ్యాహ్నాలు బల్ల మీదే నిద్రపోయాను. ఇప్పుడు కొంచెం నయం. టీ గ్లాసు నిండా పోసుకోగలుగుతున్నాను. సన్నగీత మాత్రం రావడం లేదు. రాదేమో కూడా. సీసా లేకుండా పొద్దున పూట చాలా పొడుగ్గా ఉంటోంది. సీసా సంగతి కూడా డాక్టరుకి దాచలేదు. వారానికోసారి వచ్చి కనబడమన్నాడు.

ఎడిటరుకి చెప్పేశాను. ఎగిరిపడతాడనుకున్నాను. "మాకు తెలుసండీ" అన్నాడు. "ఏడాది నుంచి తెలుసు. అచ్చువేసేవాళ్ళే చెప్పారు. మీరు ఎప్పుడు నోరు విప్పుతారా అని చూస్తున్నాం." ఏడాది! నేను వాళ్ళకి కనపడకూడదని గోడలెమ్మట నక్కుతూ తిరిగాను, వాళ్ళేమో నన్ను చూడనట్టు నటిస్తూ తిరిగారు.

కాలబిలం కథ మూడో సంచికతో ఆపేస్తున్నారు. పాఠకుల ఉత్తరాలు ఒక బుట్టెడు వచ్చాయట. అన్నీ నీవే అనిపించాయి. ఇక మీదట కథ నాది, బొమ్మ వేరేవాళ్ళది. కొత్త అమ్మాయిని పెట్టారు. చెయ్యి బాగుంది. కానీ పిడుగుచెయ్యి ముక్కు చిలకముక్కులా పెడుతోంది. వెనక నిలబడి చూస్తుంటే నా వేళ్ళు గుంజుతున్నాయి. నిన్న ఆ పిల్ల మొహమాటపడుతూ, "మీరు కాస్త అటు కూర్చుంటారా? మీరు చూస్తుంటే నాకు చెయ్యి వణుకుతోంది" అంది. పోయి కిటికీ దగ్గర కూర్చున్నాను.

అక్క నాకు ఒక్క ముక్క రాయలేదు. అంత కోపమా? నాన్న గురించి అలా రాసి ఉండకూడదా? నాకు నిద్ర పట్టడం లేదు. నువ్వైనా చెప్పు.

మామయ్య


ఇంటి నుంచి
ఏప్రిల్ 21

తమ్ముడూ,

నీ మీద కోపం కాదురా. కోపమైతే రెండో రోజే రాసేదాన్ని. ఏం రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. ఇది ఐదోది. నా రాత చూసి నవ్వకు. నీ రాత చూసి నేను నవ్వలేదు.

మాత్రలు వేసుకుంటున్నాను. కొంచెం తగ్గింది. బడి వాళ్ళు తీసేస్తారనుకున్నాను, తీసెయ్యలేదు. కొత్త డ్రైవరుకి దారి చూపించడానికి పక్క సీట్లో కూర్చోబెట్టారు. ఏ పిల్ల ఏ గుమ్మం దగ్గర దిగాలో, ఎవరి అమ్మ ఆలస్యంగా వస్తుందో ఆయనకి చెబుతూ ఉంటాను. ప్రతి మలుపులోనూ నా కాలు ఖాళీ నేలని తొక్కుతోంది. ఆయన చూసి చూడనట్టు ఊరుకుంటాడు. మంచివాడే. మలుపులు మాత్రం బాగా కోసేస్తాడు. చెబితే వింటున్నాడు.

నీ పుస్తకాలు నేనెప్పుడూ చదవలేదని నీకు తెలుసు. అమ్మాయి ఆ మూడూ తెచ్చి నా ముందు పడేసింది. చదివాను. బాగాలేవురా. కానీ ఎన్నిసార్లు చెరిపి గీశావో కనిపించింది నాకు. నేను సంతకం పెట్టేటప్పుడు పడే పాటే అది. నువ్వొచ్చి నా ఇంట్లో టీ ఒలకబోసిన రోజు నేనేమనుకున్నానో చెప్పనా? వీడు కూడా మొదలుపెట్టాడు అనుకున్నాను. నాన్నలాగే తయారయ్యాడు అనుకున్నాను. అందుకే అలా చూశాను. నువ్వు మళ్ళీ రాకపోతే రమ్మని గట్టిగా అడగలేదు. ఆ తప్పు నాది.

ఇప్పుడు నీకు తెలియనిది ఒకటి రాస్తాను. అమ్మాయికి కూడా చెప్పలేదు.

అమ్మాయి పుట్టిన పదో రోజున నాన్న మా ఇంటికి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. తెల్లచొక్కా, కొత్తగా ఇస్త్రీ చేసింది. చాలాసేపు కూర్చున్నాడు. దీన్ని చూస్తూనే ఉన్నాడు. చివరికి లేచి, "ఒకసారి ఇస్తావా అమ్మా, ఎత్తుకుంటాను" అని రెండు చేతులూ చాపాడు. ఆ చేతులు వణుకుతున్నాయి. అంతగా వణకడం నేనెప్పుడూ చూడలేదు. ఇంటినిండా మనుషులున్నారు. అందరి ముందూ నేను, "తాగొచ్చి నా బిడ్డని ముట్టుకుంటావా?" అన్నాను.

"లేదమ్మా" అన్నాడు.

అంతే అన్నాడు. చేతులు వెనక్కి తీసుకుని కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. తొమ్మిదేళ్ళు బతికాడు ఆ తర్వాత. నేనూ వెళ్ళలేదు.

ఒక మూత మింగితే చెయ్యి నిలబడుతుందని ఆయనకి తెలుసు. రోజూ షాపుకి వెళ్ళేముందు మింగేవాడని నువ్వే రాశావు. ఆ రోజు మింగి వస్తే ఆ చేతులు వణికేవి కావు. నేను బిడ్డని ఇచ్చేసేదాన్ని. మనవరాలిని ఎత్తుకోవాలని తాగకుండా వచ్చాడురా. తాగకుండా వచ్చాడు కాబట్టే వణికాయి.

అక్క